తాళం పడే క్షణంలో సమాచారం జారిపోకుండా



హోసూరు, కుప్పం, కోలారు, హిందూపురం, మదనపల్లె. ఈ ఊళ్ళు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. యాస కాస్త మారినా ఈ ఊళ్ళలో ఎన్నో ఇళ్ళలో వినిపించేది మన తెలుగే. ఆ ఇళ్ళ పిల్లలు చదువు ముగించుకుని ఉద్యోగం కోసం చేరుకునే చోట్లలో ముఖ్యమైనది ఒకటుంది. అది బెంగుళూరుకు దక్షిణాన, హోసూరు రోడ్డు మీద ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ.

ఈ ఎలక్ట్రానిక్ సిటీ ఒక్కనాడు పుట్టినది కాదు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల నేలలో దీనికి పునాది వేసింది. ఆ సంస్థకు మొదటి అధిపతి అయిన ఆర్.కె. బాళిగా గారి ఆలోచన ఇది. ఇన్ఫోసిస్ 1994లో ఇక్కడికి వచ్చింది. 2010లో సిల్క్ బోర్డు వైపు నుండి దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తైన రోడ్డు, 2025 ఆగస్టులో పసుపు మార్గం మెట్రో రైలు ఈ ప్రాంతాన్ని నగరంతో కలిపాయి.

ఇప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. ఇక్కడి కార్యాలయాలలో పనిచేసే ప్రతి మనిషి చేతిలోనూ ఒక ఫోను, చాలామంది సంచిలో ఒక లాప్‌టాప్ ఉంటాయి. ఉదయం బస్సు దిగి గేటు దాటగానే ఆ ఫోను వీధిలోని టవరును వదిలి కార్యాలయం వైఫైని పట్టుకుంటుంది. లిఫ్టులో పైకి పోయేలోపు ఒక వైఫై పెట్టెను వదిలి మరొకదానిని అందుకుంటుంది. సాయంత్రం హాస్టలుకు చేరితే అక్కడ ఇంకొక వైఫై. ఇలా చేయి మారిన ప్రతిసారీ, మాట మొదలు కాకముందే ఒక తాళం పడాలి. ఆ తాళం పడే కొద్ది క్షణాలలో మన సమాచారం కొంత జారిపోయే ప్రమాదం ఉంది. అది ఎందుకు జారిపోతుంది, జారిపోకుండా ఇంజనీర్లు ఏం చేస్తారు, మన వంతుగా మనం ఏం చేయాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా, తాళం ఎందుకు? తీగ మీద వెళ్ళే మాటను వినాలంటే ఆ తీగ దాకా వెళ్ళాలి. తీగలేని మాట గాలిలో నాలుగు వైపులా పోతుంది. పక్క గదిలోని వాడూ వింటాడు, రోడ్డు మీద కారులో కూర్చున్న వాడూ వింటాడు. వినకుండా ఆపలేము కాబట్టి, విన్నా అర్థం కాకుండా చేయాలి. అందుకే రెండు వైపుల వారికి మాత్రమే తెలిసిన ఒక రహస్య సంఖ్యతో ప్రతి మాటను మార్చి పంపుతారు. ఆ రహస్య సంఖ్యనే మనం తాళంచెవి అంటున్నాము.

వైఫైకి మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. అందులోని తాళం బలహీనమైనదని 2001లోనే పరిశోధకులు నిరూపించారు. దాని స్థానంలో 2004లో గట్టి ప్రమాణం వచ్చింది. మన ఇళ్ళలోని వైఫై పెట్టెల మీద డబ్ల్యు.పి.ఎ.-2 అని కనిపించేది అదే. 2018లో దానికి తమ్ముడిగా డబ్ల్యు.పి.ఎ.-3 వచ్చింది.

ఈ పద్ధతిలో తాళంచెవి ఎలా తయారవుతుందో చూద్దాం. మీరు వైఫైకి పెట్టుకున్న పాస్‌వర్డు గాలిలో ఎప్పుడూ ప్రయాణం చేయదు. దానికి బదులు నాలుగు ఉత్తరాలు నడుస్తాయి. మొదటి ఉత్తరంలో వైఫై పెట్టె అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యను ఫోనుకు పంపుతుంది. ఫోను తానూ ఒక సంఖ్యను పుట్టిస్తుంది. తనకు ముందే తెలిసిన రహస్యాన్నీ, ఈ రెండు సంఖ్యలనూ కలిపి తాళంచెవిని తయారు చేసుకుంటుంది. రెండవ ఉత్తరంలో తన సంఖ్యను, దానితో పాటు తనకు రహస్యం తెలుసునన్న ఋజువును పంపుతుంది. పెట్టె కూడా అదే లెక్క వేసి అదే తాళంచెవిని తయారు చేసుకుంటుంది. మూడవ ఉత్తరంలో పెట్టె తన ఋజువు చూపించి, ఇక తాళం వేసుకోమంటుంది. నాలుగవ ఉత్తరంలో ఫోను సరేనంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఇది కనురెప్ప పాటులో జరిగిపోతుంది.

మరి చిక్కు ఎక్కడ? చిక్కంతా ఆ నాలుగవ ఉత్తరం చుట్టూ ఉంది.

సరేనన్న మాట పంపగానే ఫోను తన తాళం వేసుకుంటుంది. ఆ మాట అందగానే పెట్టె తన తాళం వేసుకుంటుంది. రెండూ ఒకే క్షణంలో జరగవు. ఒకటి ముందు, ఒకటి వెనుక. ఫోను తొందరపడి తాళం వేసిన మొదటి ప్యాకెట్టును పంపిందనుకోండి. అప్పటికి పెట్టెలో తాళంచెవి ఇంకా అమర్చలేదు. వచ్చిన ప్యాకెట్టును విప్పలేక పెట్టె దానిని పారేస్తుంది. లేదా పెట్టె ముందుగా సిద్ధమై ప్యాకెట్టు పంపింది, ఫోనులోని భాగాలు ఇంకా తాళంచెవిని అమర్చుకుంటున్నాయి. అప్పుడు ఫోను దానిని పారేస్తుంది.

ఇందులో ఇంకొక మెలిక కూడా ఉంది. వైఫైలో ప్రతి ప్యాకెట్టుకూ అందినట్టు రసీదు వస్తుంది. రసీదు రాకపోతే పంపిన వారు మళ్ళీ పంపుతారు. కానీ ఆ రసీదు ఇచ్చేది రేడియో భాగం. ప్యాకెట్టు చెడిపోకుండా చేరిందా లేదా అని మాత్రమే అది చూస్తుంది. తాళం విప్పగలిగామా లేదా అన్నది ఆ తరువాతి మాట. కనుక ఇక్కడ రసీదు వెళ్ళిపోతుంది, ప్యాకెట్టు మాత్రం చెత్తబుట్టలో పడుతుంది. వాకిట్లో నిలబడ్డ పనివాడు రిజిస్టరు ఉత్తరానికి సంతకం పెట్టి, లోపల ఎవరికీ ఇవ్వకుండా పారేసినట్టు అన్నమాట. పంపిన వాడు ఉత్తరం చేరిందనే అనుకుంటాడు. ఈ నష్టం చప్పుడు చేయని నష్టం.

ఆ పోయిన ప్యాకెట్టు ఏమిటన్నదాని మీద ఫలితం ఆధారపడి ఉంటుంది. కొత్తగా వైఫైలో చేరిన ఫోను మొట్టమొదట అడిగేది తనకొక చిరునామా ఇమ్మని. ఆ అభ్యర్థనే జారిపోతే, 1997 నాటి ప్రమాణం ప్రకారం సుమారు 4 సెకన్లు ఆగి మళ్ళీ అడగాలి. అదీ పోతే సుమారు 8 సెకన్లు. ఫోను మీద వైఫై గుర్తు కనిపిస్తుంది, కానీ ఏదీ తెరుచుకోదు. ఇలా కావడానికి కారణాలు చాలా ఉన్నా, వాటిలో ఇదొకటి.

వెబ్ పేజీ అయితే కాస్త ఆలస్యంగానైనా వస్తుంది. ఎందుకంటే పైన ఉన్న మరొక పద్ధతి, తప్పిన ముక్కలను లెక్కపెట్టి తిరిగి తెప్పిస్తుంది. నష్టం ఆలస్యంగా మారుతుందే తప్ప సమాచారం పోదు. అదే ఫోనులో మాట్లాడుతుంటే తప్పిన మాటను ఒక సెకను తరువాత తెచ్చి ఇచ్చినా పనికిరాదు. వైద్యుడు వీడియోలో మోతాదు చెబుతున్నప్పుడు సగం మాట పోతే, విన్నవారికి సగం మాటే మిగులుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తాళం పడేదాకా ఆగకుండా, ఆ మొదటి ముక్కలను తాళం లేకుండానే పంపేస్తే సరిపోదా? సరిపోదు. నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. పోయిన ప్యాకెట్టును మళ్ళీ పంపవచ్చు. పరాయివాడి చెవిన పడిన మాటను వెనక్కు తీసుకోలేము. కనుక ఈ రంగంలో మొదటి నియమం ఇది: ఆలస్యాన్ని భరించవచ్చు, నష్టాన్ని పూడ్చవచ్చు, బయటపడిన రహస్యాన్ని మాత్రం పూడ్చలేము.

మరి ఇంజనీర్లు చేసే పని ఏమిటి? మన సరిహద్దు జిల్లాల వారికి చెక్‌పోస్టులు కొత్త కాదు. కాగితాలు ఇంకా రాని లారీని ఏం చేయాలి? వెనక్కు పంపితే సరుకు నష్టం. తనిఖీ లేకుండా వదిలేస్తే అసలుకే మోసం. పక్కన నిలబెట్టి, కాగితాలు రాగానే వరుస తప్పకుండా వదలడమే సరైన పని. వైఫైలోనూ మొదటి ఉపాయం ఇదే. తాళం పడిందన్న ధ్రువీకరణ వచ్చేదాకా ప్యాకెట్లను పారేయకుండా ఒక నిల్వలో ఉంచాలి. తాళం పడగానే వచ్చిన వరుసలోనే పంపాలి. ఆ నిల్వకు ఒక హద్దు, ఒక గడువు కూడా ఉండాలి. లేకపోతే ఎవడో దొంగ పేరుతో తలుపు తడుతూ కూర్చుంటే నిల్వ నిండిపోయి, నిజమైన వారికి చోటు లేకుండా పోతుంది.

రెండవ ఉపాయం మరింత తెలివైనది. తాళంచెవికి రెండు పనులు ఉన్నాయి. వచ్చిన దానిని విప్పడం ఒకటి, పోయేదానికి తాళం వేయడం రెండవది. ఈ రెంటినీ విడదీయాలి. ముందుగా ఇరువైపులా విప్పే పని సిద్ధం కావాలి. అవతలివారు విప్పగలరని తేలిన తరువాతనే ఇవతలివారు వేయడం మొదలుపెట్టాలి. ఎక్కువసేపు నడిచే సంబంధంలో నడుమ నడుమ తాళంచెవిని మారుస్తుంటారు. అప్పుడు పాతదానికి ఒక సంఖ్య, కొత్తదానికి ఒక సంఖ్య ఇస్తే, వచ్చిన ప్యాకెట్టును ఏ చెవితో విప్పాలో తెలుస్తుంది. కొత్తది కుదురుకునే వరకూ పాతదానిని పారేయరు. 2004 తరువాత వచ్చిన ప్రమాణాలలో ఇందుకు ఏర్పాటు ఉన్నది. కొత్త చెప్పులు వచ్చినంత మాత్రాన, అవి కాలికి పట్టాయో లేదో చూడకుండా పాతవి పారేసుకోము గదా.

మూడవది, ప్రతి ప్యాకెట్టుకూ క్రమసంఖ్య. ఏది తప్పిందో, ఏది రెండుసార్లు వచ్చిందో దాని వల్లనే తెలుస్తుంది.

అయితే మళ్ళీ పంపడంలో కూడా జాగ్రత్త అవసరమని 2017లో ప్రపంచానికి తెలిసివచ్చింది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాథీ వాన్‌హూఫ్, ఫ్రాంక్ పీసెన్స్ ఆ సంవత్సరం అక్టోబరులో ఒక లోపాన్ని బయటపెట్టారు. నాలుగవ ఉత్తరం దారిలో పోతే పెట్టె మూడవ ఉత్తరాన్ని మళ్ళీ పంపుతుంది. అది న్యాయమే. కానీ ఆ మూడవ ఉత్తరం రెండవసారి అందగానే, ఫోను అదే తాళంచెవిని మళ్ళీ అమర్చి, క్రమసంఖ్యను మొదటికి తెచ్చేది. అంటే ఒకే చెవితో, ఒకే సంఖ్యతో రెండు వేర్వేరు మాటలకు తాళం వేసినట్టయింది. దగ్గరలో పొంచి ఉన్న వాడు కావాలనే నాలుగవ ఉత్తరాన్ని ఆపి, ఈ పరిస్థితిని తెచ్చి, తాళాన్ని వదులు చేయగలడు. నష్టాన్ని పూడ్చడానికి పెట్టిన ఏర్పాటే దొంగకు దారి అయింది. విరుగుడు ఒక్క మాటలో చెప్పవచ్చు: ఉత్తరం మళ్ళీ వస్తే జవాబు మళ్ళీ ఇవ్వు, కానీ వేసిన తాళాన్ని మళ్ళీ వేయకు. తయారీదారులు సాఫ్ట్‌వేరు మార్పులతో దీనిని సరిదిద్దారు. ఫోనులో అప్‌డేట్ చేయమని అడిగితే వాయిదా వేయవద్దనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక నడిచే మనిషి సంగతి. పెద్ద కార్యాలయంలో వరండా పొడవునా వైఫై పెట్టెలు ఉంటాయి. మనిషి నడుస్తూ మాట్లాడుతుంటే, ఒక్కొక్క పెట్టె దగ్గరా మొదటి నుండి పరిచయం చేసుకుంటే మాట తెగుతుంది. అందుకే 2008లో మరొక ప్రమాణం వచ్చింది. మొదటి పెట్టె దగ్గర జరిగిన పరిచయం ఆధారంగా, తరువాతి పెట్టెకు కావలసిన తాళంచెవులను ముందే సిద్ధం చేస్తారు. చేయి మారే వేళ ఉత్తరాల సంఖ్య తగ్గుతుంది, తాళం మాత్రం తగ్గదు.

ఫోను టవర్లదీ ఇదే కథ. హోసూరు నుండి బస్సెక్కి వస్తుంటే మీ ఫోను దారిలో ఒక టవరు నుండి మరొక టవరుకు మారుతూ వస్తుంది. నాలుగవ తరం నెట్‌వర్కులో, పాత టవరు దగ్గర ఇంకా మీకు అందని ప్యాకెట్లు ఉంటే వాటిని కొత్త టవరుకు పంపించే ఏర్పాటు ఉన్నది. క్రమసంఖ్యలు చూసి తప్పినవి మాత్రం మళ్ళీ ఇస్తారు. పాత తాళంచెవి నుండి లెక్కకట్టి కొత్త చెవిని ఫోనూ, నెట్‌వర్కూ ఎవరికి వారే తయారు చేసుకుంటారు. మొదటిసారి చేరేటప్పుడు మాత్రం భద్రత అమరేదాకా మీ సమాచారానికి దారి తెరవరు.

అత్తిబెలె దాటితే కర్ణాటక సర్కిలు నుండి తమిళనాడు సర్కిలుకు మారుతాము. కుప్పం వైపు వస్తే ఆంధ్రప్రదేశ్ సర్కిలు. అక్కడ మీ ఫోను కొత్తగా నమోదు కావాలి. మీ సిమ్ములో ఒక రహస్య సంఖ్య ఉంది. అది మీ కంపెనీ కేంద్రంలోనూ ఉంది. మరెక్కడా లేదు. కొత్త చోటి నెట్‌వర్కు ఆ సంఖ్యను అడగదు. మీ కేంద్రం నుండి ఒక ప్రశ్ననూ, దాని జవాబునూ తెప్పించుకుని, ప్రశ్నను మీ సిమ్మును అడిగి, జవాబు సరిపోయిందా అని చూస్తుంది. ఈ పని జరిగే కొద్దిసేపు డేటా ఆగిపోవడం సహజం. అది చెడిపోవడం కాదు, గుర్తింపు అడగడం.

ఇప్పుడు మన జేబు సంగతికి వద్దాము. అబ్బాయి ఎలక్ట్రానిక్ సిటీలో బస్సు దిగుతూ, పలమనేరులో ఉన్న తల్లి మందుల ఖర్చుకు యూపీఐలో 5000 రూపాయలు పంపాడనుకోండి. సరిగ్గా ఆ క్షణంలోనే ఫోను టవరును వదిలి వైఫైని పట్టుకుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పంపినట్టా, పంపనట్టా?

ఇది ఆ నాలుగవ ఉత్తరం కథే. పోయింది డబ్బు కాకపోవచ్చు, జవాబు కావచ్చు. అభ్యర్థన బ్యాంకుకు చేరకముందే పోయినా, బ్యాంకు పని పూర్తిచేసి ఇచ్చిన జవాబు తిరుగు దారిలో పోయినా, మన తెర మీద కనిపించేది ఒకటే. ఏ సంభాషణలోనైనా ఆఖరి మాట చేరిందో లేదో ఆ మాట చెప్పిన వారికి తెలియదు. దీనిని కంప్యూటరు శాస్త్రంలో ఇద్దరు సేనాపతుల సమస్య అంటారు. 1970ల నుండి చర్చలో ఉన్న ఈ సమస్యకు పూర్తి పరిష్కారం లేదని నిరూపణ అయింది. ఉన్న మార్గం ఒక్కటే. ప్రతి పనికీ ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో మళ్ళీ అడిగితే రెండవసారి చేయకుండా, జరిగిందీ లేనిదీ చెప్పడం.

మనం తొందరపడి మళ్ళీ మొదటి నుండి 5000 పంపితే, అది కొత్త సంఖ్యతో వెళ్ళే కొత్త పని. బ్యాంకు దానిని పాతదానికి నకలు అనుకోదు. రెండుసార్లు డబ్బు పోతుంది. కాబట్టి చక్రం తిరుగుతుంటే చేయవలసింది ఆగడం. సంబంధం కుదుటపడ్డాక చరిత్ర పేజీ చూడండి. ఖాతాలో నిల్వ చూడండి. పాత లావాదేవీ సంగతి తేలిన తరువాతే కొత్తది మొదలుపెట్టండి. 12 అంకెల లావాదేవీ సంఖ్యను రాసిపెట్టుకోండి.

మన ఖాతాలో తగ్గి, అవతలివారికి చేరకపోతే దానికి నియమం ఉన్నది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మనిషికి పంపిన యూపీఐ సొమ్ము చేరకపోతే మరుసటి రోజులోగా దానంతటదే వెనక్కు రావాలి. దుకాణానికి చెల్లించినది ధ్రువపడకపోతే 5 రోజులలోగా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక, కంగారులో ఇంటర్నెట్టులో కనిపించిన ఏదో నంబరుకు ఫోను చేసి, పిన్ను నంబరు చెప్పి ఉన్నదంతా పోగొట్టుకునే వారున్నారు. పోయిన డబ్బు తిరిగి రావడానికి పిన్ను నంబరు ఎప్పుడూ అవసరం లేదు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

ఆఖరుగా కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. హాస్టలులోగానీ ఇంటిలోగానీ వైఫైకి డబ్ల్యు.పి.ఎ.-2 లేదా 3 తాళం ఉన్నదో లేదో చూసుకోండి. తాళం తీసేస్తే త్వరగా కలుస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఆ మిగిలే ఒకటి రెండు సెకన్లకు మీరు చెల్లించే ధర చాలా ఎక్కువ. డబ్బు పంపడం, పరీక్ష దరఖాస్తు సమర్పించడం వంటి పనులు గేటు దాటుతూ, లిఫ్టు ఎక్కుతూ చేయవద్దు. ఒకచోట నిలబడి, వైఫై అయినా సరే, మొబైల్ డేటా అయినా సరే, ఏదో ఒకదాని మీదే ఉండి చేయండి. దరఖాస్తు పంపాక నమోదు సంఖ్య తెర మీద కనిపించేదాకా పని అయిపోయిందనుకోవద్దు. పెద్ద ఫైలు పంపితే, అవతల తెరుచుకున్నదని కబురు వచ్చేదాకా మీ దగ్గర ఉన్నదానిని చెరిపివేయవద్దు. కొత్త తాళంచెవి కుదిరేదాకా పాతదానిని ఉంచుకోమన్న ఇంజనీర్ల సూత్రం మనకూ వర్తిస్తుంది.

శ్రోతలారా, యంత్రం ఒక్కొక్కసారి మనలను ఆపుతుంది. ఆ ఆపడంలో సగం మన మంచికే. తలుపు తట్టిన వారెవరో తెలుసుకుని గడియ తీసే ఇల్లాలిని ఆలస్యం చేసిందని ఎవరూ తప్పుపట్టరు. అట్లాగే ఆ తిరిగే చక్రాన్ని చూసి విసుగుపడకుండా రెండు క్షణాలు ఓపిక పట్టండి. మీ పిల్లలకూ ఈ మాట చెప్పండి.